సొంత షాపు పెట్టే ముందు డబ్బు ఎప్పుడొస్తుందో లెక్క చూసుకోండి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో నేను మోటారు వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకి మళ్లీ తీగ చుట్టే షాపు, పెట్టి పద్నాలుగేళ్లయింది. అంతకుముందు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. ఈమధ్య అటు పార్వతీపురం నుంచి, ఇటు గుణుపురం నుంచి మా చుట్టాల పిల్లలు ఫోన్ చేసి "మావయ్యా, ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాను, పెట్టుబడి ఎంత కావాలి?" అని అడుగుతున్నారు. అందరూ పెట్టుబడే అడుగుతారు. నా కళ్లముందు మూతపడిన షాపుల్లో చాలావాటికి పని బాగానే ఉండేది, చేసిన పనికి డబ్బు చేతికొచ్చేలోపు ఇంట్లో బియ్యం నిండుకోవడం వల్ల మూసేశారు. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

ఉద్యోగం మానేముందు ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోండి, షాపు పెట్టుబడిలో దాన్ని కలపొద్దు. మా పనికి మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాన్లు, కూలర్లతో తల ఎత్తడానికి తీరిక ఉండదు. వానలు మొదలయ్యాక పొలం మోటార్లు కూడా ఆగిపోతాయి, రోజంతా కూర్చున్నా రెండు మిక్సీలు వస్తే ఎక్కువ. ఈ జిల్లాలో పత్తి బాగా వేస్తారు కాబట్టి పత్తి డబ్బు రైతు చేతికొచ్చే చలికాలంలోనే పాత బాకీలు వసూలవుతాయి. మీ పని ఏదైనా సరే, టైలరింగ్ అయినా టెంట్‌హౌస్ అయినా, ఏ నెలలో పని వస్తుంది, ఏ నెలలో డబ్బు వస్తుంది అని రెండు వరుసల్లో రాసుకుని చూడండి. రెండూ ఒకే నెలలో పడవు.

రేటు ఎలా పెట్టాలో చాలామందికి తెలియదు, పక్క షాపువాడి రేటులో పది రూపాయలు తగ్గించి పెడతారు. అలా చేయొద్దు. ఉదాహరణకి నెలకి ఇంటికి 20,000, అద్దె 4,000, కరెంటు 2,000, లోన్ వాయిదా 3,000, జబ్బులకీ పండగలకీ 3,000 అనుకుంటే మొత్తం 32,000. షాపు పది గంటలు తెరిచి ఉన్నా నిజంగా డబ్బొచ్చే పని చేసేది ఐదు గంటలే, మిగతాదంతా బేరాలు, ఫోన్లు, సరుకు కోసం తిరగడం. 25 రోజులకి 125 గంటలు. అంటే మీ చేతి పని గంటకి 256 రూపాయలు పడితేనే ఇల్లు గడుస్తుంది, రాగి తీగ, వార్నిష్, బేరింగులు దీనికి అదనం. ఈ లెక్క చేతిలో ఉంటే "ఆ షాపులో తక్కువకి చేస్తున్నారు భాయి" అని ఎవరైనా అన్నప్పుడు టెన్షన్ పడరు. తక్కువకి చేసేవాళ్లలో కొందరు రాగి బదులు అల్యూమినియం తీగ చుడతారు. నేను రెండు రేట్లూ చెప్పి, ఏ తీగ వేశానో బిల్లు మీద రాసిస్తాను. కాలిపోయిన పాత రాగి కస్టమరుకి ఇచ్చేస్తామా, మనమే ఉంచుకుని రేటు తగ్గిస్తామా అన్నది కూడా మోటారు విప్పకముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

సరుకు డబ్బు అడ్వాన్స్ తీసుకోకుండా పని ముట్టుకోవద్దు. మొహమాటం నాకూ ఉండేది. తెలిసినవాళ్లు కదా, మన తెలుగువాళ్లే కదా అనుకుని ఒక కాంట్రాక్టరుకి ఐదు మోటార్లు అరువు మీద చేసిచ్చాను, 38 వేలు, తొమ్మిది నెలలు తిప్పాడు. వెళ్లిన ప్రతిసారీ ఒడియాలో "కాలి దేబి", రేపిస్తాను, అనేవాడు. ఆ రేపు కోసం మా ఆవిడ గొలుసు తాకట్టులో ఉండిపోయింది, అది ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. అప్పుడు నాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేదు. మీరు మొదటి వారంలోనే చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, పైసా ఫీజు లేదు, రెండు వేలు ఇవ్వమనే మధ్యవర్తుల మాట నమ్మొద్దు. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం చిన్న యూనిట్ చేసిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే, ఆపితే చక్రవడ్డీ కట్టాలి. తయారీకీ, రిపేరులాంటి సేవలకీ ఇది వర్తిస్తుంది, కొని అమ్మే వ్యాపారానికి వర్తించదు. బిల్లు నంబరుతో ఇచ్చి, సరుకు అందినట్టు సంతకం తీసుకుంటేనే ఈ చట్టం మీకు పనికొస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్లు జీఎస్టీ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఒడిశాలో వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల దాకా, సేవలకి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ రాయగడ షాపు నుంచి కొత్త మోటారు పార్వతీపురం పంపి అమ్మారంటే అది వేరే రాష్ట్రం అమ్మకం, దానికి ఆ 40 లక్షల మినహాయింపు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మనకి అది గంటన్నర ప్రయాణం, అత్తవారిల్లు కూడా అక్కడే కావొచ్చు, చట్టానికి మాత్రం అది ఇంకో రాష్ట్రం. విజయనగరం నుంచో విశాఖ నుంచో సరుకు తెచ్చుకునేటప్పుడు కూడా బిల్లు లేకుండా తేవొద్దు. బోర్డు మీద ఒడియా పెద్దగా ఉండాలి, కింద తెలుగు రాయించుకోండి. ఇక్కడి కోందుల భాష కువి మాట్లాడే రైతులు కూడా వస్తారు కాబట్టి అంకెలూ, రేట్లూ వాళ్ల భాషలో చెప్పగలిగితే చాలు, మనిషి మీ దగ్గరే నిలుస్తాడు.

లోన్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, తాకట్టు లేకుండా ఇస్తారు. పనిముట్ల కొటేషన్, షాపు అద్దె కాగితం పట్టుకెళ్లండి. షాపు క్యూఆర్ కోడ్‌కి వేరే ఖాతా పెట్టి, మీరే మీకు నెలకి ఒకసారి జీతంలా ఇంటి ఖాతాకి పంపుకోండి. గల్లాపెట్టెలోంచి కూరగాయలకి తీయడం మొదలైతే ఏది లాభమో ఏది పెట్టుబడో మీకే తెలియదు. బ్యాంకులో ఉన్నప్పుడే ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (ప్రాణ బీమా), 20 రూపాయల సురక్షా (ప్రమాద బీమా) రెండూ పెట్టించుకోండి, మనకి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు.

ఇంత కష్టం ఎందుకు మరి అంటే, మా నాన్న విశాఖ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇరవై రోజులు షటర్ దించేసి ఆయన పక్కనే ఉన్నాను, ఎవరినీ సెలవు అడగలేదు. ఆ ఇరవై రోజులూ రూపాయి కూడా రాలేదు. రెండూ నిజమే. నేను నేర్పిన ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు వేరే ఊళ్లలో సొంతంగా షాపులు నడుపుతున్నారు, కాయిల్ లెక్క ఎక్కడైనా తప్పితే నాకే ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ వచ్చిన రోజు నాకు అన్నం రుచిగా ఉంటుంది.

చివరిగా సెలవు. మొదటి ఆరేళ్లు నేను ఒక్కరోజు కూడా మూయలేదు, నడుం పోయింది, పిల్లల చిన్నతనం సరిగ్గా చూడలేదు. ఇప్పుడు షటర్ మీద "మంగళవారం సెలవు" అని ఒడియాలో, తెలుగులో రాయించాను. పంట ఎండిపోతోందని రైతు కాలిన మోటారు భుజాన వేసుకుని వస్తే తీస్తాను. ఫ్యాన్ అయితే బుధవారం రమ్మంటాను.