రాతప్రతిని ఎడిటర్ చేతికిచ్చే ముందు: పుస్తక ప్రదర్శన కాలానికి కొన్ని జాగ్రత్తలు

సాధారణంగా ఏటా డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు తమ పుస్తకం అందాలని కోరుకునే రచయితలకు దసరా దాటగానే తొందర మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరంలోని ప్రెస్సులకు క్యాలెండర్లు, డైరీలు, పెళ్లిపత్రికల పని వచ్చి పడుతుంది కనుక, ప్రెస్సువారు చెప్పిన తేదీకి రాతప్రతి అందించాలన్న ఆందోళనలో రచయిత ముందుగా వదులుకునేది ఎడిటింగునే. లేదా చివరి వారంలో ఎవరో ఒకరికి డబ్బిచ్చి, ఆ పని అయిందనిపించుకుంటాడు. రెండింటిలో ఏది ఎక్కువ నష్టమని అడిగితే రెండోదే అంటాను, ఎందుకంటే అందులో డబ్బు పోవడంతోపాటు పుస్తకం బాగుపడిందన్న భ్రమ కూడా మిగులుతుంది.

మన వాడుకలో ఎడిటర్ అంటే పత్రికా సంపాదకుడు, లేకపోతే సినిమాను కత్తిరించి కూర్చే సాంకేతికుడు. పాత తాళపత్రాలను సరిపోల్చి పాఠం నిర్ణయించిన పండితులను పరిష్కర్తలన్నాం. బతికున్న రచయిత రాతప్రతి మీద పనిచేసే మనిషికి మాత్రం స్థిరమైన పేరు పెట్టుకోలేదు. అందువల్లనే కాబోలు, వేర్వేరు పనులు మూడు ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ అధ్యాయం అక్కర్లేదు అని చెప్పడం మొదటి పని. వాక్యాలను చక్కదిద్దడం, పేర్లూ వయసులూ తేదీలూ పుస్తకమంతటా ఒకేలా ఉన్నాయో లేదో చూడడం రెండోది. ‘అర్థం’ అన్నచోట ‘అర్ధం’ పడిందా, ‘బాధ’ కాస్తా ‘భాద’ అయిందా అని వెతికే ప్రూఫు చూడడం మూడోది. మీకు కావలసింది వీటిలో ఏదో తేల్చుకోకుండా ఎవరితోనూ బేరం మాట్లాడవద్దు, ఎందుకంటే ప్రూఫు చూడడంలో ఆరితేరిన మనిషి మీ నవలలోని మూడో అధ్యాయం అనవసరమని చెప్పడు, చెప్పమని మీరూ అడగలేదు.

అది తేల్చుకోవడానికి రాతప్రతిని కనీసం ఒక నెల పక్కన పెట్టి, ఆ తరువాత బయటికి వినిపించేలా చదవాలి. నాలుక తడబడిన చోట పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోతే, ఆ గీతలు వాక్యాల దగ్గర ఉన్నాయా, మొత్తంగా కొన్ని పేజీలే విసుగు పుట్టిస్తున్నాయా అన్నది దానంతటదే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు పాఠకులకు ఇచ్చి, బాగుందా అని కాకుండా, ఎక్కడ చదవడం ఆపేశారని అడగాలి. ఇంత చేశాక, అరవై పేజీల కవితా సంపుటికి మంచి ప్రూఫ్‌రీడర్ ఒక్కరు చాలని అనిపించవచ్చు. నవలకు, ఆత్మకథకు, ముఖ్యంగా అనువాదానికి మాత్రం డబ్బిచ్చి అయినా ఎడిటర్‌ను పెట్టుకోవాలనే నా అభిప్రాయం. ఆత్మకథ రాసేవారికి తమ జీవితంలో ఏ సంఘటనా చిన్నదిగా కనిపించదు. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ముందుమాట కోసం పెద్దల ఇళ్ల చుట్టూ ఆరు నెలలు తిరిగే మనం, ఎడిటింగుకు ఆరు వారాలు కేటాయించం. ముందుమాట రాసిచ్చిన పెద్దాయన రాతప్రతిని సరిచూశారని అనుకోవడం పొరపాటు, ఆయన చేయవలసిన పనీ అది కాదు.

ఎడిటర్‌ను ఎంచుకునేటప్పుడు మొత్తం రాతప్రతి ఇవ్వకుండా, సంభాషణలు ఎక్కువగా ఉన్న పది పేజీలు ఇచ్చి దిద్ది చూపమనాలి. అవసరమైతే ఆ పది పేజీలకు వేరుగా డబ్బు ఇవ్వాలి. సంభాషణలే ఎందుకంటే, హైదరాబాదులో అన్ని జిల్లాల తెలుగూ ఒకే వీధిలో వినిపిస్తుంది. రచయిత ఒక ప్రాంతం వారు, ఎడిటర్ ఇంకో ప్రాంతం వారు కావడం ఇక్కడ మామూలు విషయం. నా మొదటి కథల సంపుటిలో కరీంనగర్ వైపు ముసలావిడ ఒకామె ‘మా పోరడు నిన్ననే అచ్చిండు’ అంటుంది. దిద్దివచ్చిన ప్రతిలో ఆ మాట ‘మా అబ్బాయి నిన్ననే వచ్చాడు’ అయింది. తొందరలో నేనూ గమనించలేదు. పుస్తకం అచ్చయ్యాక మా మేనత్త చదివి, ‘గీమెది ఏ ఊరు బిడ్డా?’ అని అడిగింది. దిద్దినవారు చదువుకున్నవారే, వారి లెక్కలో అది తప్పు సవరించడమే. తెలంగాణ పలుకుకే ఇలా జరుగుతుందనీ కాదు, ‘వచ్చేడు’, ‘చూసేను’ అని రాసే ఉత్తరాంధ్ర రచయిత వాక్యాలను వరసగా ‘వచ్చాడు’, ‘చూశాను’ అని మార్చేవారూ ఉన్నారు. అన్నీ ఒకేలా ఉండాలని ‘అచ్చిండు’లన్నిటినీ ‘వచ్చిండు’గా చేయడం కూడా తప్పే, ఎందుకంటే ఆ రెండు రూపాలు ఇద్దరు పాత్రల ఊళ్లను వేరుగా చూపించవచ్చు. కనుక ఏ పాత్ర ఏ ఊరిది, ఏ రూపాలు ముట్టుకోకూడదు, ‘జర’, ‘పరేషాన్’ వంటి ఉర్దూ మాటలు ఎవరి నోట ఉండాలి అన్నది ఒక కాగితం మీద రాసి రాతప్రతితోపాటు ఇవ్వాలి. పది పేజీలు తిరిగి వచ్చాక, ఆ కాగితాన్ని చదివారో లేదో చూడాలి. దిద్దుబాట్లు ఎన్ని ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు.

డబ్బు విషయంలో, పేజీకి ఇంత అన్నప్పుడు ఆ పేజీ చేతిరాత కాగితమా, ఏ4 ప్రింటా, అచ్చయ్యే డెమ్మీ (మామూలు పుస్తకం సైజు) పేజీయా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎడిటింగు, కవరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), ముద్రణ అన్నీ కలిపి ఒకే ధర చెప్పేవారిని, దిద్దే మనిషి పేరు చెప్పమని అడగాలి. ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి ఎవరైనా వేరే ధర వేస్తే, వారు ఎడిటింగుకు వేసిన ధరనూ మీరు ఒకసారి పరిశీలించాలి. ఒప్పందంలో హక్కుల బదిలీ మాట ఉంటే చదవకుండా సంతకం చేయవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, కాలపరిమితి రాయకపోతే 5 సంవత్సరాలుగా లెక్కిస్తారు. దిద్దినంత మాత్రాన ఎడిటర్‌కు మీ రచన మీద హక్కు రాదు.

ఎడిటింగు డీటీపీకి, అంటే అచ్చుకోసం కంప్యూటర్లో పేజీలు కూర్చే పనికి, ముందే పూర్తి కావాలి. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో దిద్దితే ఏ మాట మారిందో కనిపిస్తుంది, నచ్చనిది వెనక్కి తీసుకోవచ్చు. డీటీపీవారు వాడే అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాక ఆ సదుపాయం ఉండదు. పైగా వర్డ్, గూగుల్ డాక్స్‌లలో మామూలుగా టైపు చేసే యూనికోడ్ నుంచి అను ఫాంటుకు మార్చేటప్పుడు కొన్ని సంయుక్తాక్షరాలు చెదిరే అవకాశం ఉంది కనుక, ఎడిటర్ ఎంత శ్రద్ధగా చూసినా మార్పిడి తరువాత ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చూడవలసిందే. ఆలస్యంగా చేసే మార్పుకు అచ్చు ఖర్చు కూడా తోడవుతుంది. కలిపి అచ్చువేసే పేజీల కట్టను ఫారం అంటారు. ఫారానికి పదహారేసి పేజీల లెక్కన 160 పేజీల పుస్తకం పది ఫారాలవుతుంది. చివర్లో రెండు పేరాలు చేర్చి 162 పేజీలు చేస్తే, ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం మొదలుపెట్టాలి, లేదా ఎక్కడో రెండు పేజీలు కోయాలి.

ఇవన్నీ చూసుకుంటే ఎడిటర్‌తో మాట్లాడవలసిన కాలం ఆషాఢం, శ్రావణం. అక్టోబరు నెలాఖరుకు కూడా దిద్దిన ప్రతి తిరిగి రాకపోతే, ఎడిటర్‌ను తొందరపెట్టకుండా డిసెంబరు ఆలోచనే మానుకోవడం మేలు. నా రెండో పుస్తకానికి అదే జరిగింది, అది ఉగాదికి వచ్చింది. ఈసారి అచ్చుకు ముందే మా మేనత్త చేత సంభాషణలు చదివించాను. ఆమె నాలుగు చోట్ల గీతలు పెట్టింది.