కొత్త హెడర్లు బిగించాక సందు చాలకపోతే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంజన్ పొగను బయటికి పంపే, కారుతో వచ్చిన పోత ఇనుప మానిఫోల్డ్ తీసేసి, దాని స్థానంలో బయట కొన్న గొట్టాల హెడర్లు బిగించారు. బోల్టులన్నీ పట్టాయి, ప్యాకింగ్ సరిగ్గా కూర్చుంది. కానీ ఒక గొట్టం స్టీరింగ్ షాఫ్ట్ పక్కన వేలు కూడా దూరనంత దగ్గరగా ఉంది, ఇంకొకటి స్టార్టర్ మోటారును దాదాపు ఒరుసుకుంటోంది. ఇక్కడ చాలామంది "తగలడం లేదు కదా" అనుకుని బానెట్ మూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆగి ఉన్న బండిలో, చల్లారిన ఇంజన్ దగ్గర కనిపించే సందును నమ్మకూడదు. గొట్టాలు కాలి సాగినప్పుడు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ పక్కకు ఒరిగినప్పుడు, చక్రం గుంతలో పడి లేచినప్పుడు ఎంత మిగులుతుందో అదే అసలు సందు.

సాగడం ఎంత ఉంటుందో లెక్క కడితే ఆశ్చర్యం వేస్తుంది. మామూలు ఉక్కు గొట్టం మీటరు పొడవుకు, ప్రతి 100 డిగ్రీల సెల్సియస్ వేడికి సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అయితే దాదాపు 1.7 మిల్లీమీటర్లు. మీటరు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే మొదటిది 6, రెండోది 8.5 మిల్లీమీటర్లు సాగుతుంది. హెడర్ పైభాగం ఇంజన్‌కు గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి ఆ సాగుదలంతా కింద, గొట్టాలన్నీ కలిసే చోట బయటపడుతుంది. దానికి ఇంజన్ ఊగిసలాట తోడవుతుంది. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. అవి పాతబడి మెత్తబడితే ఊపు ఇంకా ఎక్కువ.

అందుకే ముందుగా గొట్టానికి దగ్గరగా ఉన్న ప్రతి వస్తువు దేనికి బిగించి ఉందో చూడండి. స్టార్టర్ మోటారు, ఆయిల్ ఫిల్టర్, ప్లగ్గు వైర్లు ఇంజన్‌కే బిగించి ఉంటాయి. ఇంజన్ ఊగితే గొట్టంతో పాటు అవీ ఊగుతాయి, అక్కడ భయం వేడి వల్లే. స్టీరింగ్ షాఫ్ట్, ఛాసిస్, బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు బాడీ వైపువి. అవి కదలవు, గొట్టం వచ్చి వాటిని కొడుతుంది. బాడీ వైపు ఉన్న లోహ భాగాలకు చల్లగా ఉన్నప్పుడు కనీసం 12 మిల్లీమీటర్లు లేనిదే నేను ఒప్పుకోను. రబ్బరు హోసులు, వైర్లు, బ్రేకు, పెట్రోలు పైపులకు 25 మిల్లీమీటర్లు తక్కువే. 50 దొరికితే మంచిది, దొరకకపోతే మధ్యలో రేకు అడ్డం తప్పనిసరి.

పానా పట్టుకునే ముందు

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఉక్కు గొట్టం ఎర్రగా లేకపోయినా చర్మం ఊడేంత వేడిగా ఉండగలదు, చూసి పోల్చుకోలేరు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ నుంచి స్టార్టర్‌కు వచ్చే లావు కేబులులో చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు, తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా ఒక కొస దానికి, రెండో కొస హెడర్‌కు తగిలితే నిప్పులు చిమ్ముతాయి, చేయి కాలుతుంది. బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడే దూరండి.

ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్‌తో గొట్టం తుడిచి, ఆపైన గ్యాసు మంట గానీ వెల్డింగ్ గానీ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, బాధ కొన్ని గంటల తర్వాత గానీ మొదలు కాకపోవచ్చు. వేడి చేయబోయే గొట్టాన్ని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టడమే క్షేమం.

సుత్తి తీయడానికి ముందు

సందు చాలనప్పుడు మొదటి అనుమానం గొట్టం మీదికి పోతుంది. తప్పు చాలాసార్లు బిగింపులో ఉంటుంది. హెడర్ బోల్టులు, వెనక పైపు జాయింట్లు, ఇంజన్ మౌంటింగులు, గేర్‌బాక్సు మౌంటింగు అన్నీ కొద్దిగా వదులు చేసి, హెడర్‌ను దాని బరువుతో అది సర్దుకోనివ్వండి. ఇంజన్ కింద జాకీ ఆనించి ఉంచాకే మౌంటింగుల జోలికి వెళ్లండి. వెనక సైలెన్సర్ పైపు ఒక వైపు లాగుతూ ఉంటే హెడర్ మొత్తం వంకరగా కూర్చుంటుంది. మౌంటింగు బోల్టు రంధ్రాల్లో ఉండే కాస్త వెసులుబాటుతో ఇంజన్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపితే ఒక్కోసారి సమస్య అక్కడే తీరిపోతుంది. కుంగిపోయిన మౌంటింగు మారిస్తే ఇంజన్ తన ఎత్తుకు తాను వస్తుంది. మౌంటింగు కింద రేకులు పెట్టి ఇంకా పైకి లేపాలనుకుంటే మాత్రం ఆలోచించండి: ఫ్యాను దాని చుట్టూ ఉన్న కవచానికి తగలవచ్చు, వెనక చక్రాలతో నడిచే బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి అదురు మొదలవుతుంది.

కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. డ్రిల్లు బిట్ల వెనక వైపు గుండ్రని భాగం మంచి కొలబద్ద. 12 మిల్లీమీటర్ల బిట్టు తేలిగ్గా దూరిందా లేదా అన్నదే పరీక్ష. చేయి పోని చోట ఆడుకునే బంకమట్టి ముద్ద అతికించి, ఇంజన్‌ను చెక్క అడ్డం పెట్టి గడ్డపారతో రెండు వైపులా ఒరగదీయండి. మట్టి ఎంత పలచబడిందో కొలిస్తే మిగిలే సందు తెలుస్తుంది. ఒకరు బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇస్తుంటే ఇంకొకరు బానెట్ లోపల తల పెట్టి చూసే పద్ధతిని నేను ఒప్పుకోను. కాలు జారితే బండి మీదికొస్తుంది. స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూడండి. ముందు చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు గొట్టం దేనికైనా తగులుతుందేమో కూడా చూడాలి. ఆయిల్ ఫిల్టర్ ఊడదీసి బయటికి తీయడానికి దారి ఉందా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

ఇన్ని చేశాక కూడా సందు రాకపోతే గొట్టానికి చిన్న నొక్కు పెట్టడం సరైన మార్గం. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే నొక్కు వల్ల బండి బలం పోతుందన్న భయం వద్దు. పదునుగా, లోతుగా కొట్టిన సొట్టే చేటు. ఈ పని హెడర్‌ను బండి మీద ఉంచి చేయకండి. సుత్తి దెబ్బ ఫ్లాంజికి, అంటే హెడర్‌ను ఇంజన్‌కు బిగించే చదునైన అంచుకు పాకి, ఇంజన్ అల్యూమినియం సిలిండర్ హెడ్‌లోని బోల్టు మరలు చెడిపోతాయి. బయటికి తీసి, ఫ్లాంజిని మందపాటి ఇనుప పలకకు బిగించి, నొక్కు పెట్టే చోట గ్యాసు మంటతో ఎర్రబడేదాకా కాల్చి, గుండ్రని మొన ఉన్న సుత్తితో నెమ్మదిగా దించండి. వెల్డింగు గీతల మీద, ఫ్లాంజి పక్కన కొట్టకూడదు. నీళ్లు పోసి చల్లార్చకండి, తనంతట తాను చల్లారాలి. సిరామిక్ పూత ఉన్న గొట్టం అయితే ఆ చోట పూత పాడవుతుందని తెలిసే చేయండి. జింకు పూత ఉన్న వస్తువును ఎర్రగా కాల్చవద్దు, ఆ పొగ జ్వరం తెస్తుంది.

గొట్టానికి దారి ఇవ్వడం కోసం స్టీరింగ్ షాఫ్ట్‌ను అరగదీయకూడదు, ఛాసిస్‌ను కోయకూడదు. దీనికి మినహాయింపు లేదు. బ్రేకు పైపు అడ్డం వస్తే దాన్ని పదే పదే వంచడం, మధ్యలో కోసి నొక్కుడు జాయింటు (కంప్రెషన్ ఫిట్టింగ్) వేయడం కూడా అంతే ప్రమాదం. కొత్త పైపును, రెండు మడతల కొసలతో (డబుల్ ఫ్లేర్), వేరే దారిన వేయించాలి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, డాట్ 4 అయితే 230. తేమ పీల్చుకున్న తర్వాత ఈ ప్రమాణాలు 140కి, 155కి దిగుతాయి. హెడర్‌ను ఆనుకున్న పైపులో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు దిగుతుంది గానీ బండి ఆగదు.

వేడికి అడ్డం పెట్టే రేకు విషయంలో అసలు రక్షణ ఇచ్చేది రేకుకు, గొట్టానికి మధ్య గాలి ఉన్న ఖాళీ. గొట్టానికి అంటించి బిగించిన రేకు కొద్దిసేపట్లో అదే వేడికి వస్తుంది. స్టార్టర్ మోటారుకు ఈ అడ్డం తప్పక పెట్టండి. వేడి 100 డిగ్రీలు పెరిగితే రాగి తీగ నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది, అందుకే వేడి మీద ఆపిన బండి మళ్లీ తిరగనని మొరాయిస్తుంది. గేరు రకం చిన్న స్టార్టర్ దొరికితే సందు కూడా కలిసి వస్తుంది. వేడిని ఆపడానికి గొట్టాలకు చుట్టే గుడ్డ పట్టీ గురించి నా అభిప్రాయం వేరు: అది తేమను పట్టి ఉంచి ఉక్కును తుప్పు పట్టిస్తుంది, ఆయిల్ కారి నానితే అంటుకుంటుంది. రోజూ నడిపే బండికి సిరామిక్ పూతే మేలు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ స్థానం మారితే, దాన్ని అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండేలా చూడండి, లేకపోతే నీరు చేరి పాడవుతుంది. దాని వైరు గొట్టం మీద వేలాడకూడదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

షెడ్డులో కాదు, ఆరుబయట చేయండి. ఫ్లాంజి దగ్గర లీకు ఉంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గొట్టాలకు అంటిన నూనె కాలి కాసేపు పొగ వస్తుంది, అది సహజం. ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆపి ఆయిల్ ఎక్కడ కారుతోందో వెతకాలి. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచండి.

వేడెక్కాక ఆపి, పూర్తిగా చల్లారాక బోల్టులను మధ్య నుంచి రెండు కొసల వైపు మళ్లీ బిగించండి. మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత ఇదే పని చేయాలి. తర్వాత చెవి పెట్టి వినండి. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని, వేడెక్కాక ఆగిపోయే శబ్దం ఫ్లాంజి లీకు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చే ఇనుప దెబ్బ గొట్టం ఛాసిస్‌ను కొడుతున్నందుకు గుర్తు. అనుమానం ఉన్న చోట కొద్దిగా రంగు పూసి ఓ వారం నడపండి, రాపిడి ఉంటే అక్కడ లోహం మెరుస్తుంది. ఆ మెరుపు స్టీరింగ్ షాఫ్ట్ మీద గానీ బ్రేకు పైపు మీద గానీ కనిపిస్తే, అది సరిచేసేదాకా బండి రోడ్డెక్కకూడదు. అక్కడ సందు సాధించలేకపోతే ఆ హెడర్ తీసేసి పాత మానిఫోల్డ్ తిరిగి బిగించండి.