కొండదారిలో మొరాయించే సామాను: సమస్య, కారణం, పరిష్కారం

కొత్తగా కనిపించే బూటు అడుగు ఊడిపోయింది

పోయిన కార్తీకంలో ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి నడుస్తున్నాం. వాగు పక్కన బండల మీద ఉండగా మా అన్నయ్య కుడి బూటు అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది. పది నిమిషాల్లో పూర్తిగా ఊడి చేతికి వచ్చింది. అరగంట తరవాత ఎడమది. ఆ బూట్లు అంతకు ముందు తొడిగింది మూడుసార్లు. ఐదేళ్లుగా అటక మీద, కొన్నప్పటి అట్టపెట్టెలోనే భద్రంగా ఉన్నాయి.

ఊడడానికి కారణం అలా దాచి ఉంచడమే. చాలా ట్రెక్కింగ్ బూట్లలో పాదానికీ కింది రబ్బరుకూ మధ్య పాలీయురేథేన్ అనే మెత్తటి పొర ఉంటుంది. గాలిలోని తేమ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ అది లోలోపల విచ్ఛిన్నమవుతుంది. వేడీ ఉక్కపోతా ఉన్నచోట ఇంకా త్వరగా పాడవుతుంది. మన అటకల మీద రెండూ ఉంటాయి. పైన తోలు, కింద రబ్బరు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి కాబట్టి మనకు అనుమానం రాదు. పిల్లల బూట్లు ఆ స్థితికి రాకముందే బిగుతయిపోతాయి. ఈ ఇబ్బంది ఎక్కువగా పెద్దవాళ్లదే.

ప్రయాణానికి రెండు వారాల ముందు ఆ బూట్లు దించి, ముందు భాగాన్ని చేతులతో బాగా వంచండి. మధ్యపొరను బొటనవేలితో నొక్కండి. సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పక్కన పెట్టేయండి. ఆ పొరే పిండి అయిపోయినప్పుడు జిగురు దేనికి పట్టుకుంటుంది? బాగానే ఉన్నాయనిపిస్తే తొడుక్కుని గంటసేపు గట్టి నేల మీద నడవండి. దారిలో ఊడితే వెడల్పాటి, అంటుకునే గుడ్డ టేపును బూటు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టండి. అందుకే మీటరు పొడవు టేపును నీళ్ల సీసాకు ముందే చుట్టి ఉంచుకోవడం మేలు. ఆ రోజు మా దగ్గర అదీ లేదు. తువ్వాలు చింపి కట్టి, అన్నయ్యను అడుగులో అడుగు వేయించుకుంటూ కిందికి దించాం.

డబ్బు కొద్దిగానే ఉంటే ముందు బూట్లకే పెట్టండి. మిగతావన్నీ అడిగి తెచ్చుకోవచ్చు. ఒకరి పాదానికి అలవాటుపడిన బూటు మరొకరికి పనికిరాదు.

బొబ్బలు, నల్లబడిన గోళ్లు

బొబ్బ ఎక్కడ లేచిందో చూస్తే కారణం తెలుస్తుంది. మడమ మీద లేస్తే, ఎక్కేటప్పుడు మడమ బూటులో పైకీ కిందికీ ఆడుతోందని అర్థం. పై రెండు రంధ్రాల దగ్గర లేసును చిన్న ఉచ్చులా వేసి, అవతలి కొసను అందులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు. వేళ్ల కొసలు నొప్పి పుట్టి గోళ్లు నల్లబడితే తప్పు దిగేటప్పుడు జరిగింది. పాదం ముందుకు జారి బూటు గోడను గుద్దుకుంటోంది. బూటు పొట్టి అయి ఉండాలి, లేదా దిగేముందు లేసు బిగించి ఉండరు. వేళ్ల మధ్య లేస్తే చెమట పీల్చి తడిగానే ఉండిపోయే నూలు సాక్సులను మార్చండి. ఉన్ని కలిసినవో, త్వరగా ఆరే సింథటిక్‌వో వాడాలి.

బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్లండి. పగలంతా నడిచిన పాదం అప్పటికి కొద్దిగా ఉబ్బి ఉంటుంది, కొండ మీదా అలాగే ఉంటుంది. వాడబోయే సాక్సులతోనే తొడిగి, దుకాణం మెట్ల మీద దిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ మిగలాలి. చర్మం మీద ఎక్కడైనా వేడిగా, మంటగా అనిపించిన క్షణమే ఆగి ఆసుపత్రి టేపు అంటించాలి. పిల్లలు ఇది తమంతట తాము చెప్పరు. గంటకోసారి అడగాలి.

చెప్పులు లేకుండా తిరుమల ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లకు బూట్ల సలహా అక్కరలేదు. వాళ్లు చూసుకోవలసింది ఎండను. మెట్లు కాలకముందే చాలా దూరం ఎక్కేలా బయలుదేరాలి.

గంటకే భుజాలు లాగేస్తున్నాయి

బ్యాగు నడుం పట్టీ ఎక్కడుందో చూడండి. ఊరికే వేలాడుతూ ఉంటుంది, లేదా పొట్ట మీద ఉంటుంది. బరువు ఎక్కువ భాగం మోయవలసినవి తుంటి ఎముకలు. భుజం పట్టీలు బ్యాగు వెనక్కి వాలిపోకుండా పట్టుకుంటే చాలు. అన్ని పట్టీలూ వదులు చేసి, బ్యాగు తగిలించుకుని, ముందు నడుం పట్టీని తుంటి ఎముకల మీద బిగించండి. తరవాత భుజం పట్టీలు, చివరగా భుజాల పైన ఉండే చిన్న పట్టీలు. నీళ్లు, తిండి వంటి బరువైనవి వీపుకు ఆనుకుని, నడి ఎత్తులో ఉండాలి.

అలా చేసినా నొప్పి పోకపోతే బ్యాగు మీ వీపు కొలతకు సరిపోలేదు. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత దాకా ఉన్నదే ఆ కొలత. మనిషి ఎత్తును బట్టి కొంటే తప్పుతుంది. ఒకే ఎత్తున్న భార్యాభర్తలకు కూడా వీపు పొడవు వేరుగా ఉండవచ్చు.

రాయితీలో వచ్చిందని 60 లీటర్ల బ్యాగు కొనకండి. పెద్ద బ్యాగు ఖాళీగా ఉండదు, ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. ఒక్క పూట నడకకు పిల్లల సామానుతో సహా 25 నుంచి 30 లీటర్లు చాలు. పిల్లల బ్యాగు వాళ్ల బరువులో పదోవంతు దాటకూడదు. 25 కిలోల పిల్లకు అది రెండున్నర కిలోలు. లీటరు నీళ్లే కిలో తూగుతాయని గుర్తుంచుకుంటే ఆ బ్యాగులో ఇంకేం పెట్టవచ్చో తెలిసిపోతుంది.

నాన్నకు చెమటలు, వీపు మీది పాపకు చలి

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద సూర్యోదయం చూడాలని చీకట్లో బయలుదేరే కుటుంబాలలో తరచూ జరిగేది ఇది. మోస్తున్నవారు ఎక్కుతున్నారు కాబట్టి వాళ్ల ఒళ్లు వేడెక్కుతుంది. పాప కదలకుండా కూర్చుని ఉంటుంది, దాని ఒంట్లో ఆ వేడి పుట్టదు. మన ఒంటిని బట్టి పాప స్వెట్టరు తీసేస్తే అక్కడే పొరపాటు జరుగుతుంది. పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, కాలివేళ్లు తాకండి. మీరు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ, చెవులు కప్పే టోపీ, పొడి సాక్సులు ఒక జత అదనంగా ఉండాలి.

బిడ్డను మోసే సంచిలో మోకాళ్లు పిరుదుల ఎత్తులో, లేదా కాస్త పైన ఉండాలి. కాళ్లు కిందికి వేలాడుతుంటే తొడల దగ్గర ఒత్తిడి పడి తిమ్మిరెక్కుతాయి, బిడ్డ ఏడుస్తుంది. మనమేమో ఆకలనుకుంటాం. అరగంటకోసారి దించి కాళ్లు ఆడనివ్వండి. నిద్రపోయినప్పుడు గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డు రాకుండా చూడడానికి వెనక ఒకరు నడవాలి. మీరు ఇద్దరే పెద్దవాళ్లయితే ఇద్దరూ దగ్గర దగ్గరగానే నడవండి.

ఆ మంచులో జీన్సు ప్యాంట్లు వద్దు. గడ్డి మీది తేమకే తడుస్తాయి, ఎంతకీ ఆరవు, తొడలు ఒరుసుకుపోతాయి.

రెయిన్‌కోటు వేసుకున్నా లోపల తడి

చాలాసార్లు అది వాన నీరు కాదు, చెమట. ప్లాస్టిక్ కోటు గాలిని ఆడనివ్వదు. చంక కింద తెరుచుకునే జిప్పు ఉన్నదో, బ్యాగుతో సహా కప్పే వదులైన పాంచోనో మేలు. బ్యాగు కవరు వీపు వైపు తెరిచే ఉంటుంది కాబట్టి నీళ్లు అటు నుంచి దిగుతాయి. బ్యాగు లోపల మందపాటి చెత్తసంచి పరిచి, బట్టలు అందులో పెట్టి మూతి మెలిపెట్టండి. ఖరీదైన కవరుకన్నా ఇది నమ్మకమైనది.

నిండుగా ఛార్జి చేసిన ఫోను మధ్యాహ్నానికే ఆగిపోయింది

నల్లమలలో సిగ్నలు లేనిచోట ఫోను టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ముందే దింపుకున్న మ్యాపు, కెమెరా అప్పుడూ పనిచేస్తాయి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంకు ఫోనుకు నిజంగా ఇచ్చేది సుమారు 6,000 నుంచి 6,500 మాత్రమే. ఓల్టేజి మార్పులో, వేడిలో మిగతాది పోతుంది.

నీళ్లు తాగుతున్నా పిల్లాడికి నీరసం, తలనొప్పి

చెమటతో ఉప్పు కూడా పోయింది. ఉత్త నీళ్లు దాన్ని తిరిగి ఇవ్వవు. సామానులో ఓఆర్ఎస్ ఉందని మీరు ధైర్యంగా ఉంటారు, కానీ అది ఓఆర్ఎస్ అవునో కాదో ఇంట్లోనే చూడాలి. పేరులో ఆ మాట తగిలించుకుని, చక్కెర ఎక్కువగా ఉన్న తీపి పానీయాలు ఏళ్ల తరబడి దుకాణాల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడిన తరవాత, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లిగా ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉండాలి. మందుల దుకాణంలో పొడి ప్యాకెట్ కొని, దాని మీద ఈ సూత్రం ఉందో లేదో చదవండి. ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. పిల్లాడు తాగలేనంత మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా నడక మానేసి దిగి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఎక్కేటప్పుడు లేని మోకాళ్ల నొప్పి దిగేటప్పుడు

దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒంటి బరువు మోకాలి మీద పడుతుంది. దారి ఎంపిక కూడా ఇక్కడ సామానులో భాగమే. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లే, కానీ అవి రెండు కిలోమీటర్ల చిల్లరలోనే ఉన్నాయి. మోకాళ్లు బాగాలేని పెద్దవాళ్లు అంకె తక్కువని రెండోదాన్ని ఎంచుకుంటారు, నిటారు దారిలో ఇబ్బంది పడతారు. మెల్లగా ఎక్కగలిగితే అలిపిరి దారే వాళ్లకు నయం. దిగడానికి బస్సు ఎక్కాలి.

అడవి దారిలో ఊతకర్ర కావాలి. చదును నేల మీద మోచెయ్యి లంబకోణంలో ఉండేంత ఎత్తుకు పెట్టుకుని, దిగేటప్పుడు ఐదారు సెంటీమీటర్లు పెంచండి. తిప్పి బిగించే కర్ర బరువు వేయగానే కుంగిపోతోందంటే లోపల తడో మట్టో చేరింది. ముక్కలు విడదీసి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి మళ్లీ బిగించండి, నూనె మాత్రం వేయకండి. బిగించాక మీ బరువంతా దాని మీద మోపి చూసి, అప్పుడు అమ్మ చేతికివ్వండి.