ఇల్లు కొనడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఈసీని వరసబెట్టి చదవడం

పోయిన పాఠంలో లింకు డాక్యుమెంట్లను (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులను) తేదీల వారీగా పేర్చి పెట్టుకున్నాం. ఆ కట్ట విప్పి పక్కన పెట్టుకోండి. ఓ పెన్సిలు, ఓ తెల్లకాగితం కూడా కావాలి.

“ఈసీ క్లియర్‌గా ఉందండీ” అనే మాట మధ్యవర్తి నోట వినని కొనుగోలుదారు ఉండరు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, హక్కుపత్రం కాదు. మీరిచ్చిన వివరాలతో వెతికితే, మీరడిగిన కాలంలో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు 1వ పుస్తకంలో ఏయే దస్తావేజులు దొరికాయో చెప్పే జాబితా, అంతే. దొరికితే ఫారం 15 వస్తుంది, ఏమీ దొరక్కపోతే ఫారం 16. ఫారం 16 చూసి సంబరపడకండి. అమ్మే ఆయన 2009లో రిజిస్టర్ చేయించుకుని కొన్నానంటున్నాడు, 2009 నుంచి తీసిన ఈసీ మాత్రం నిల్ వచ్చింది. అంటే ఆయన దస్తావేజు కూడా అందులో దొరకలేదన్నమాట. వెతికిన తీరయినా తప్పు, ఆ దస్తావేజయినా తప్పు. మొదటి పరీక్ష ఇదే: చేతిలో ఉన్న ప్రతి లింకు డాక్యుమెంటు నంబరూ ఈసీలో కనబడాలి.

వెతకడం

ఆన్‌లైన్లో 1983 నుంచి ఇటువైపు వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి చేతిరాత సూచికల్లో వెతికించాలి. పెద్ద ఆఫీసును మధ్యలో రెండుగా చేసి ఉంటే, పాతకాలానికి పాత ఆఫీసు పేరు మీద కూడా తీయించండి. కనీసం 30 ఏళ్లు చూడటం వకీళ్ల ఆనవాయితీ.

ఒక్కసారి వెతికి వదలకండి. దస్తావేజు రాసిన లేఖరి ఏ నంబరు వేస్తే సూచికలో అదే ఎక్కుతుంది. సర్వే నంబరు 142 అనుకుందాం. ఒకాయన 142 అని రాస్తాడు, ఇంకొకాయన 142/1 అని, మరొకాయన 142/పార్ట్ అని. తెలంగాణ పల్లెల్లోనైతే 142/అ, 142/ఆ ఉంటాయి. ఇంటి నంబరుకు పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. సర్వే నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి, రెండు ఇంటి నంబర్లతో చెరొకసారి, దస్తావేజు నంబరుతో ఒకసారి తీయండి. ఐదు కాగితాల్లో ఏదో ఒకదాంట్లో మాత్రమే కనిపించే ఎంట్రీ ఉందంటే, చదవాల్సింది ముందు దాన్నే.

ఒక చిక్కు: తెలంగాణలో 2020 చివరి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులో జరుగుతోంది. ఆ తర్వాత పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతుంటే, పొలంగా చేతులు మారిన ముక్క సబ్‌రిజిస్ట్రార్ ఈసీలో ఉండదు. దాన్ని రెవెన్యూ రికార్డులోనే చూసుకోవాలి.

ఒక ఎంట్రీని దగ్గరగా చూద్దాం

ఇది కల్పిత ఎంట్రీ, మనుషుల పేర్ల బదులు అక్షరాలు పెట్టాను. అచ్చులో ఇంచుమించు ఇలాగే ఉంటుంది:

సర్వే 142, ప్లాటు 42, విస్తీర్ణం 222 చ.గ.
ఉత్తరం: ప్లాటు 41, దక్షిణం: ప్లాటు 43, తూర్పు: 30 అడుగుల రోడ్డు, పడమర: ప్లాటు 57
రాసిన తేదీ 03-02-2014, దాఖలు 28-05-2014, రిజిస్టరైంది 28-05-2014
సేల్ డీడ్. (ఈఎక్స్) క, (సీఎల్) చ
లింకు డాక్యుమెంటు: 1187/2003

ఈఎక్స్ అంటే రాసిచ్చినవారు, సీఎల్ అంటే రాయించుకున్నవారు. తనఖా అయితే ఆ చోట ఎంఆర్ (తాకట్టు పెట్టినవారు), ఎంఈ (పెట్టించుకున్నవారు) అని ఉంటుంది. తెల్లకాగితం మీద బాణాలు గీయండి: క → చ. తర్వాతి అమ్మకంలో ఈఎక్స్ స్థానంలో చ ఉండాలి. అక్కడ ట కనిపిస్తే గొలుసు తెగినట్టే. చ చనిపోతే వారసుడు ట అమ్మి ఉండవచ్చు, చ ఇచ్చిన జీపీఏ (తన తరఫున వ్యవహరించమని రాసిచ్చే అధికారపత్రం) పట్టుకుని అమ్మి ఉండవచ్చు. ఏదైనా దానికి కాగితం అడగండి. ఉత్త జీపీఏ, అగ్రిమెంటు చేతులు మారితే హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది.

ఇక చెక్కుబందీ, అంటే హద్దులు. 2003 దస్తావేజులో ప్లాటు కొలత 36 అడుగులు × 50 అడుగులు. అంటే 1,800 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 200 గజాలు. 2014లో 222 ఎలా అయింది? 222 గజాలంటే 1,998 చదరపు అడుగులు. ముఖం 36 అడుగులే ఉంటే లోతు 55 అడుగుల 6 అంగుళాలు రావాలి. తూర్పున రోడ్డు, పడమర 57వ ప్లాటు. పెరిగిన ఐదున్నర అడుగులు ఈ రెంటిలో ఒకదాన్నుంచే రావాలి. హద్దుల్లో మాటలు మారలేదు, అంకె ఒక్కటే మారింది. చాలామంది చూపు జారేది ఇక్కడే. డబ్బు 222కి కడతారు, టేపు పట్టాక దొరికేది 200.

సెంట్లలో ఉంటే 48.4తో, గుంటల్లో ఉంటే 121తో హెచ్చవేసి గజాల్లోకి మార్చుకోండి. అంకణాల్లో ఉంటే ఏ ఊరి అంకణమో అడగండి: నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36.

మూడు తేదీలు ఎందుకు?

పై ఎంట్రీలో సంతకాలు ఫిబ్రవరిలో అయ్యాయి, ఆఫీసుకు వెళ్లింది మే నెలాఖరున. తప్పేమీ లేదు. రాసిన రోజు నుంచి నాలుగు నెలల్లో దాఖలు చేయవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. జరిమానాతో మరో నాలుగు నెలల గడువు కూడా ఉంది. దీన్ని 47వ సెక్షన్‌తో కలిపి చదివితే ప్రమాదం తెలుస్తుంది: రిజిస్టరైన దస్తావేజు, రిజిస్టరైన రోజు నుంచి కాక, రాసిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది.

మీరు జూన్ 10న ఈసీ తీశారు, శుభ్రంగా ఉంది. 12న రిజిస్ట్రేషన్ అయింది. అమ్మినాయన మార్చి 20నే ఇంకొకరికి సేల్ డీడ్ మీద సంతకం పెట్టి ఉన్నాడు. వాళ్లు జూలై 5న దాన్ని దాఖలు చేశారు. గడువులోనే ఉన్నారు, పైగా వాళ్ల తేదీ మీకంటే ముందుది. జూన్ 10 ఈసీ దీన్ని చూపించే అవకాశమే లేదు.

విరుగుడు ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు. ముందు కొన్నవాళ్లుంటే అవి సాధారణంగా వాళ్ల దగ్గర ఉంటాయి. “పోయాయి, నకలు ఇస్తాను” అని అమ్మకందారు అంటే బేరం అక్కడే ఆపి, పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన చూపించమనండి. అగ్రిమెంటు అయ్యాక మీరు కూడా వకీలు చేత తెలుగు దినపత్రికల్లో ప్రకటన వేయించండి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఒక ఈసీ, అయ్యాక మీ పేరు ఎక్కిందో లేదో చూడటానికి మరొకటి తీయండి.

తనఖాలు, ఫ్లాట్లు

ప్రతి ఎంఆర్–ఎంఈ ఎంట్రీకి కింద ఎక్కడో విడుదల దస్తావేజు గానీ చెల్లు రసీదు గానీ జత ఉండాలి. పెన్సిలుతో కలపండి. జత లేనిదాని మీద సున్నా చుట్టండి. అప్పు తీరిందని బ్యాంకు ఉత్తరం ఒక్కటే ఉంటే, విడుదలను రిజిస్టర్ చేయించి తెమ్మని అమ్మకందారునే అడగండి. ఖర్చు ఆయనదే.

ఫ్లాటుకు ఫ్లాటు నంబరుతో మాత్రమే ఈసీ తీయడం సగం పని. భవనం ఉన్న స్థలం మొత్తానికి తీయండి. అందులో మొదట చూడాల్సింది డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, దాని వెనకాలే ఏ ఫ్లాట్లు స్థలం యజమానివో ఏవి బిల్డరువో పంచిన సప్లిమెంటరీ అగ్రిమెంటు. యజమాని వాటా ఫ్లాటును బిల్డరు అమ్మితే గొడవ మీ నెత్తికి చుట్టుకుంటుంది. తర్వాత అమ్మిన ఫ్లాట్లన్నిటి అన్‌డివైడెడ్ షేర్లు (స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే విడదీయని వాటాలు) కూడండి. మొత్తం స్థలాన్ని మించకూడదు. మించితే ప్లానులో లేని ఫ్లాటేదో అమ్ముడైందని అనుమానించాలి. అది చాలాసార్లు పెంట్‌హౌసే.

తెలంగాణలో 2012 నాటి 168వ జీవో ప్రకారం బిల్డరు కట్టడంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి హామీగా ఉంచాలి. ప్లాను ఉల్లంఘించకుండా కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. కొత్త ఫ్లాటు కొంటుంటే హామీలో ఉన్న నంబర్లేవో మంజూరు ఉత్తర్వుల్లో చూడండి.

ఈసీలో కనిపించనివి

వీలునామాలు (రిజిస్టరైనా అవి 3వ పుస్తకంలో ఉంటాయి), రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, నోటిమాట పంపకాలు, వారసుల వాటాలు, ఇంటిపన్ను బాకీలు. ముస్లింలు నోటిమాటతో ఇచ్చే హిబా (దానం) కూడా అంతే. హైదరాబాద్ పాత ఇళ్ల విషయంలో దీన్ని తప్పక అడగాలి. కాగితాలు బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పును కొన్ని బ్యాంకులు రిజిస్టర్ చేయిస్తాయి, కొన్ని చేయించవు. అందుకని సెర్సాయి (తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో రుసుము కట్టి ఆస్తి వివరాలతో వెతకండి.

అభ్యాసం

400 గజాల్లో కట్టిన భవనం. మీరు కొనబోయేది 302. స్థలం ఈసీలో ఉన్నవి:

2006 – సేల్ డీడ్, 400 గజాలు, క → చ
2014 – డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ, చ → బిల్డరు
2016 – పది ఫ్లాట్ల సేల్ డీడ్లు (302తో కలిపి), ఒక్కోదానికి 38 గజాలు. అన్నిట్లో ఈఎక్స్ బిల్డరు ఒక్కడే
2017 – ఫ్లాటు 302, ఎంఆర్: ట, ఎంఈ: బ్యాంకు
2019 – ఫ్లాటు 302, సేల్ డీడ్, ట → ఇప్పటి అమ్మకందారు
2021 – ఫ్లాటు 501, సేల్ డీడ్, 35 గజాలు

ఇందులో అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఒక్కో ప్రశ్నకూ ఏ కాగితం తెమ్మనాలో రాసుకోండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠానికి 50 అడుగుల టేపు తెచ్చిపెట్టుకోండి, స్థలం కొలవబోతున్నాం.