జాతరకి వేట కోసే ముందు: జీవం బెదరకూడదు, తోలు చిరగకూడదు

తిరుపతిలో గంగజాతర చాటింపు పడిందంటే మా వీధిలో మిద్దెల మీద పొట్టేళ్ళ అరుపులు మొదలవుతాయి. చాటింపు వేశాక ఊరు దాటకూడదంటారు కాబట్టి చుట్టాలందరూ ఇక్కడికే దిగుతారు. చిత్తూరులోనూ అదే హడావిడి. ఈమధ్య బక్రీద్ కూడా ఎండాకాలంలోనే పడుతోంది. అంటే ఏడాదిలో ఎక్కువ జీవాలు తెగేది సరిగ్గా మాంసం, తోలు తొందరగా చెడిపోయే రోజుల్లో. తోళ్ళ మండీలో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి. జాతర మర్నాడు వచ్చే తోళ్ళలో సగం చూడగానే అర్థమైపోయేది, ఏ ఇంట్లో పొట్టేలుని ఎలా పట్టుకున్నారో, కత్తికి పదును ఉందో లేదో.

ముందు చట్టం సంగతి. మున్సిపాలిటీ పరిధిలో లైసెన్సున్న కబేళాలో తప్ప బయట జీవాన్ని కోయకూడదని 2001 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలలు నిండని పిల్లను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. ఒక జీవం కళ్ళముందు ఇంకోదాన్ని కోయకూడదు. గుడి ఆవరణలో బలి ఇవ్వడం 1950 చట్టం ప్రకారం నేరం. ఊళ్ళో ఉన్నవాళ్ళు కబేళాకి తోలుకెళ్ళి కోయించుకోవడమే మంచిది. డాక్టరు చూస్తాడు, అలవాటైన చెయ్యి కోస్తుంది. శేషాచలం అంచు పల్లెల్లో ఉచ్చులు పెట్టి పునుగుపిల్లినీ దుప్పినీ పట్టి తోలు తీస్తామనేవాళ్ళకి నా దగ్గర ఏ సలహా లేదు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకి పోయే పని.

సంతలో కొన్న పొట్టేలుని అదే రోజు కోయొద్దు. ఆటోలో కాళ్ళు కట్టి తెచ్చినదానికి కనీసం ఒక రాత్రి నీడలో విశ్రాంతి కావాలి. కోసే ముందు ఓ పన్నెండు గంటలు మేత ఆపండి, కడుపు ఖాళీగా ఉంటే పేగు తెగి మాంసం మీద పడే ప్రమాదం తగ్గుతుంది. నీళ్ళు మాత్రం చివరిదాకా పెట్టాలి. చాలామంది రెండూ ఆపేస్తారు. నీళ్ళు లేని జీవానికి తోలు మాంసానికి అతుక్కుని సులువుగా ఊడిరాదు, అప్పుడు కత్తి ఎక్కువ వాడాల్సొస్తుంది.

ఒక ఏడాది మా పక్కింట్లో పొట్టేలుని రెండు రోజులు మిద్దె మీద ఎండలో కురచ తాడుతో కట్టేశారు. కింద డీజే, టపాకాయలు. తెల్లారి నలుగురు కుర్రాళ్ళు బొచ్చు పట్టుకుని మెట్ల మీద నుంచి ఈడ్చుకొచ్చారు. కోశాక చూస్తే తోలు లోపలి వైపు పిడికిళ్ళంత ఎర్రటి కమిలిన మచ్చలు, మాంసం నల్లగా జిగటగా ఉంది. సాయంత్రానికే వాసన పట్టింది. బెదిరి పెనుగులాడిన జీవం కండల్లోని శక్తి అంతా ముందే ఖర్చయిపోతుంది. దాంతో కోశాక మాంసంలో రావలసిన పులుపు రాదు. పులుపెక్కని మాంసం నల్లబడుతుంది, త్వరగా చెడుతుంది. గొర్రెని ఎప్పుడూ బొచ్చు పట్టి లాగకండి. గడ్డం కింద ఒక చెయ్యి, తొడ వెనక ఒక చెయ్యి పెట్టి నడిపించండి. వీలైతే దాన్ని పెంచినవాళ్ళే నడిపించాలి. చిన్నపిల్లల్ని మాత్రం అక్కడ ఉంచొద్దు, వాళ్ళు ఏడిస్తే అందరికీ టెన్షన్.

కత్తి విషయంలో నేను మొండివాణ్ణి. మెడ వెడల్పుకి రెండింతలు పొడవుండాలి, మొన వంగి ఉండకూడదు, కాయితాన్ని గాల్లో పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి. సానరాయి పక్కనే ఉండాలి, కానీ జీవం ముందు సాన పట్టకూడదు. వెల్లకిలా కాకుండా పక్కకి పడుకోబెట్టి, ఒకరు కాళ్ళు, ఒకరు తల పట్టుకుంటే చాలు. మీద కూర్చోవద్దు. దవడ వెనక, గొంతుకి అడ్డంగా, కత్తి పైకి లేపకుండా ఒక్క ఊపులో, రెండు పక్కల నెత్తురు గొట్టాలూ తెగాలి. ఒకవైపే తెగితే స్పృహ పోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆ బాధంతా మన చేతకానితనం. వేటకొడవలితో ఒక్క వేటుకి తల తెగాలని పందెం కాసే కుర్రాళ్ళని దూరంగా పెట్టండి. దెబ్బ గురి తప్పి భుజం మీద పడ్డ పొట్టేలుని నేను చూశాను, మళ్ళీ చూడలేను.

తెగాక కనీసం ఇరవై సెకన్లు దాన్ని ముట్టుకోవద్దు. మెడ విరవడం, కాళ్ళు కోయడం, తోలు చీల్చడం ఏదీ వద్దు. కాళ్ళు తన్నుకుంటే బతికుందని కాదు, కన్ను చూడాలి. వేలితో కంటిగుడ్డు మెల్లగా తాకితే రెప్ప కదలకూడదు, ఊపిరి ఆగిపోయి ఉండాలి. నెత్తురు ధారగా కారడం ఆగేదాకా ఆగండి. బిర్యానీకి పొయ్యి వెలిగించారని తొందరపెట్టే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఆయనకి ఏదో ఒక పని చెప్పి పంపేయండి.

ఇక తోలు. తలకాయ, కాళ్ళు కాల్చుకుంటాం కాబట్టి తోలుని మోకాళ్ళ దగ్గరే తెంపాలి. వెనక కాళ్ళకి కట్టి వేలాడదీసి, తొడల లోపలి నుంచి మొదలుపెట్టి కడుపు మధ్యలో ఒకే నిటారు గీత. అక్కడితో కత్తి పని దాదాపు అయిపోయినట్టే. మిగతా అంతా పిడికిలితో. ఒక చేత్తో తోలు లాగుతూ ఇంకో పిడికిలిని మాంసానికీ తోలుకీ మధ్య నొక్కుతూ పోవాలి. కత్తితో ఒలిస్తే లోపలి వైపు కోతలు పడతాయి. ఉప్పు వేసినప్పుడు కనబడవు గానీ తమిళనాడులోని రాణిపేట, పేర్ణంబట్టు తోళ్ళ ఫ్యాక్టరీల్లో సున్నం నీళ్ళలోంచి తీశాక ఒక్కొక్కటీ బయటపడుతుంది. అక్కడ ధర తెగుతుంది, ఆ నష్టం మండీ వాడికి తగిలి, తిరిగి మీకే వస్తుంది. నోటితో గాలి ఊది తోలు ఉబ్బించే అలవాటు మానండి, మన నోట్లోది మాంసంలోకి పోతుంది.

ఒలిచిన తోలుని చుట్టి సంచిలో కుక్కి మూల పెట్టడమే అసలు తప్పు. వేడి లోపలే ఉండిపోయి మేలో రెండు మూడు గంటల్లోనే కుళ్ళు మొదలవుతుంది. బొచ్చు చిటికెడు పట్టి లాగితే ఊడొచ్చిందంటే ఆ తోలు పోయినట్టే. నెత్తురు, పేడ కడిగి, మిగిలిన కొవ్వు, మాంసం ముక్కలు తీసేసి, నీడలో బొచ్చు కిందకి ఉండేలా పరవండి. తోలు తూకంలో దాదాపు సగం ఉప్పు పడుతుంది. రెండు కిలోల తోలుకి ముప్పావు నుంచి కిలో ఉప్పు. కల్లుప్పుని కాస్త దంచి వేయాలి. మరీ పెద్ద రాళ్ళు అంటుకోవు, మరీ పొడి గడ్డ కడుతుంది. మెడ, అంచులు, కాళ్ళ మూలలు బాగా రుద్దండి. కుళ్ళు అక్కడి నుంచే మొదలవుతుంది. నీళ్ళు కారిపోయేలా ఏటవాలుగా పెట్టి, మర్నాడు తడిసిన ఉప్పు దులిపి కొత్తది వేయండి. వాడిన ఉప్పు మళ్ళీ వాడితే ఎర్రటి మచ్చలు వస్తాయి, అది ఉప్పులో బతికే సూక్ష్మజీవి పని. ఎండలో ఆరేయడం మంచిదని పెద్దవాళ్ళు అంటారు. పైపొర అట్టకట్టి లోపల మగ్గుతుంది, నమ్మకండి. పలకలు (డప్పులు) కట్టేవాళ్ళు తోలు అడిగితే ఉప్పు వేయకముందే వాళ్ళని పిలవండి, వాళ్ళ పద్ధతి వేరు. దులిపిన ఉప్పుని బావి దగ్గరా చేనులోనూ పారబోయకండి. తమిళనాడులో పాలారు నది పక్క ఊళ్ళలో తోళ్ళ ఫ్యాక్టరీల నీళ్ళు చేసిన నష్టం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1996లో తీర్పు వచ్చింది.

ఒక్క సందర్భంలో మాత్రం తోలు ఆశ పూర్తిగా వదులుకోండి. కోసే ముందే జీవం హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కడుపు కోయొద్దు, తోలు తీయొద్దు, చేత్తో తాకొద్దు. కోస్తే గాలి తగిలి బయటపడ్డ క్రిములు గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. పశువుల డాక్టరుకి గానీ పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి గానీ ఫోను చేయండి, సున్నం వేసి లోతుగా పూడుస్తారు. మూతికి పుండ్లున్న గొర్రెని తాకేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, ఆ పుండ్లు మన చేతులకీ వస్తాయి.

జాతర వారంలో కొట్లలో కల్లుప్పు అయిపోతుంది. పొట్టేలుకి బేరం ఆడేరోజే ఒక మూట తెచ్చి ఇంట్లో పడేసుకోండి.