వెబ్ పేజీలో వేల వరుసల టేబుల్ మొరాయిస్తోందా? ముందు ఇవి చూడండి

“టేబుల్ స్లోగా ఉంది” అనగానే లైబ్రరీ మార్చేయకండి. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ల పరికరాలు, అంటే డెవ్‌టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, ఇబ్బంది పెడుతున్న ఆ ఒక్క పనినే రికార్డ్ చేయండి. పసుపు ఎక్కువుంటే జావాస్క్రిప్ట్ భారం, ఊదా ఎక్కువుంటే లేఅవుట్ (పేజీలో ఏది ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో లెక్కించడం) భారం. రెండూ లేకుండా ఖాళీగా ఉంటే చాలావరకు సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తోందన్నమాట.

సమస్య: స్క్రోల్ పట్టిపట్టి కదులుతోంది.
కారణం: 10,000 వరుసలు, 12 కాలమ్స్ అంటే 1,20,000 సెల్స్. సెల్‌కో బటన్, ఐకాన్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఫ్రేముకి దొరికేది 16.7 మిల్లీసెకన్లే.
పరిష్కారం: వర్చువలైజేషన్. కంటికి కనిపించే వరుసలు, పైనా కిందా మరికొన్ని మాత్రమే డామ్‌లో (బ్రౌజర్ తన దగ్గర ఉంచుకునే పేజీ నిర్మాణంలో) ఉంచాలి. టాన్‌స్టాక్ వర్చువల్ లాంటి లైబ్రరీలు ఈ పని చేసిపెడతాయి. అయితే కంట్రోల్+ఎఫ్ కొడితే డామ్‌లో లేని వరుసలు దొరకవు. అకౌంట్స్ వాళ్లు మొదట గొడవపడేది దీనికే. సెర్చ్ బాక్స్ మీరే ఇవ్వాలి. స్క్రీన్ రీడర్ల కోసం మొత్తం వరుసలెన్నో చెప్పే ఏరియా-రోకౌంట్ కూడా పెట్టండి. వరుసలు వెయ్యి లోపే ఉంటే ఇంత హడావిడి అనవసరం. టేబుల్‌కి వెడల్పు ఇచ్చి, టేబుల్-లేఅవుట్‌ని ఫిక్స్‌డ్ చేసి చూడండి. కాలమ్ వెడల్పుల కోసం బ్రౌజర్ ప్రతి సెల్‌నీ కొలవడం ఆగుతుంది.

సమస్య: సార్ట్ నొక్కితే పేజీ బిగుసుకుపోతోంది.
కారణం: చాలాసార్లు లొకేల్‌కంపేర్, అంటే భాషా క్రమం ప్రకారం రెండు పదాలను పోల్చే ఫంక్షన్. 10,000 పేర్లకు పోలికలే లక్ష దాటుతాయి.
పరిష్కారం: అదే పోలిక చేసే ఇంటిల్.కొలేటర్‌ని ‘టీఈ’ (తెలుగు) లొకేల్‌తో ఒక్కసారి తయారుచేసుకుని, దాని కంపేర్‌నే సార్ట్‌కి ఇవ్వండి. రూపాయలకు లక్షల కామాలు పెట్టడానికి ప్రతి సెల్‌లో టులొకేల్‌స్ట్రింగ్ పిలుస్తుంటే అక్కడా ఇదే మందు: ఒకే ఇంటిల్.నంబర్‌ఫార్మాట్.

సమస్య: ఫిల్టర్‌లో టైప్ చేస్తుంటే అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయి.
పరిష్కారం: 250 మిల్లీసెకన్ల డిబౌన్స్, అంటే టైపింగ్ అంతసేపు ఆగాకే ఫిల్టర్ నడపడం. రియాక్ట్ 18 లేదా ఆ తర్వాతిదైతే యూజ్‌డిఫర్డ్‌వాల్యూ: టైపింగ్‌ని ముందు కానిచ్చి, జాబితాను తర్వాత మారుస్తుంది.

సమస్య: మొదటి పేజీలు చకచకా వస్తాయి, వెనక పేజీలు రావు.
కారణం: ఆఫ్‌సెట్ (వదిలేయాల్సిన వరుసలు) 2,00,000, లిమిట్ (ఇవ్వాల్సినవి) 50 అంటే డేటాబేస్ రెండు లక్షల వరుసలు దాటుకుంటూ వెళ్లి పారేసి, ఆ తర్వాత యాభై ఇస్తుంది.
పరిష్కారం: కీసెట్ పేజినేషన్. చివరి వరుస తేదీ, ఐడీ పంపి, ఆ తర్వాతివి అడగండి. ఆ రెండు కాలమ్స్‌కి కలిపి ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతుక్కునే సూచిక) ఉండాలి. నేరుగా 4,001వ పేజీకి దూకడం కుదరదు. నన్నడిగితే అలా దూకేవాళ్లకు నిజంగా కావలసింది తేదీ ఫిల్టరే. “మొత్తం ఎన్ని” అనే కౌంట్‌ని కూడా ప్రతి రిక్వెస్ట్‌లో అడగొద్దు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద టేబుల్ మీద అదే అన్నిటికంటే ఖరీదైన క్వెరీ కావచ్చు.