కుక్కకి ప్లేట్‌లెట్స్ పడిపోతే ఏం చేయాలి

మన దగ్గర కుక్కకి ప్లేట్‌లెట్స్, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు తగ్గాయంటే మొదట అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్నే, అదే టిక్ ఫీవర్. పిడుదు కరిచినప్పుడు ఎర్లీషియా అనే బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది, ఒంటి మీద పిడుదులు ఇప్పుడు కనబడట్లేదు కదా అని కొట్టిపారేయకండి, ఎప్పుడో కరిచి రాలిపోయి ఉండొచ్చు.

తిండి మానేసి డల్‌గా పడుకుంటే పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి, పొట్ట కింద బొచ్చు లేని చోట కూడా. గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు ఉండి, వేలితో నొక్కినా పోకపోతే అది చర్మం లోపల రక్తం కారడమే. ముక్కులోంచి రక్తం వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా తెల్లారేదాకా ఆగొద్దు.

మామూలుగా కుక్కకి ప్లేట్‌లెట్స్ ఒక మైక్రోలీటర్ రక్తంలో 2 నుంచి 5 లక్షలు ఉండాలి, 50 వేల కిందకి వస్తే భయపడాల్సిందే. కానీ రిపోర్ట్‌లో అంకె చూడగానే ఏడవకండి, ప్లేట్‌లెట్స్ ఒకదానికొకటి అతుక్కుంటే మెషీన్ తక్కువ చూపిస్తుంది, పిల్లుల్లో అయితే ఇది మరీ ఎక్కువ, అందుకే స్లైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూడమని డాక్టర్‌ని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఎర్లీషియా అయితే డాక్సీసైక్లిన్ ఇస్తారు, సాధారణంగా 28 రోజులు. రెండు మూడు రోజుల్లోనే లేచి తోక ఊపుతుంది, చాలామంది అక్కడే మందు ఆపేస్తారు, దయచేసి ఆ పని చేయొద్దు, లోపల మిగిలిన బ్యాక్టీరియాతో జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. మాత్ర ఖాళీ కడుపున కాకుండా అన్నంతో పెట్టండి, లేకపోతే వాంతులు. ఒక్కోసారి పిడుదుల వల్లే వచ్చే బెబీసియా అనే ఇంకో పరాన్నజీవి కూడా కలిసి ఉంటుంది, దానికి మందు వేరే. ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండా ఒంట్లోని రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్స్‌ని చంపుతుంటే స్టెరాయిడ్ పడుతుంది, అది డాక్టర్ తేల్చాలి, మనం మెడికల్ షాపులో కొని వేసేది కాదు.

బొప్పాయి ఆకు రసం పోసి రెండు రోజులు చూద్దాం అంటారు అందరూ, అది పిడుదుల జ్వరానికి మందు కాదు, ఆ రెండు రోజులే ప్రాణం మీదకి తెస్తాయి. జ్వరం ఉందని మన ఇంట్లో మాత్రలు అసలు వేయొద్దు, ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి, పిల్లికి పారాసెటమాల్ అయితే విషమే. కౌంట్ పెరిగేదాకా ఎముకలు, గట్టి చ్యూలు, దూకుడు ఆటలు బంద్.

కోర్సు అయ్యాక మళ్ళీ కౌంట్ చేయించండి, పిడుదుల మాత్ర డాక్టర్‌ని అడిగి వేయండి. పిడుదుల్ని చేత్తో నలపకండి. గోడ పగుళ్ళలో, మంచం కింద, గోనె సంచుల్లో గుడ్లు పెట్టేస్తాయి కాబట్టి ఇల్లు కూడా శుభ్రం చేసుకోవాలి.